సిద్దయ్య సలాము: సామరస్య విమర్శ చూడని దూదేకుల అస్తిత్వం

రాయలసీమ తాత్త్విక సాహిత్యాన్ని గురించిన చర్చల్లో దూదేకుల సిద్దయ్య పేరు వెంట ‘మతసామరస్యం’ అన్న మాట దాదాపు విధిగా వస్తుంది. గురువు పోతులూరి వీరబ్రహ్మం విశ్వబ్రాహ్మణుడు, శిష్యుడు ముస్లిం. రెండు మతాలు కలిశాయని చెప్పి విమర్శ అక్కడితో ఆగిపోతుంది. ఈ అన్వయం అసత్యం కాదు, అసంపూర్ణం. శిష్యుని మతాన్ని గుర్తించిన విమర్శ, అతని పేరు ముందున్న వృత్తినామాన్ని గుర్తించలేదు.

సిద్ధవటం నవాబు వృత్తాంతమే ఇందుకు నిదర్శనం. కొడుకు బ్రహ్మంగారి మఠంలో చేరాడని ముడుమాల నుంచి తల్లిదండ్రులు నవాబుకు ఫిర్యాదు చేస్తారు. దర్బారుకు వచ్చిన సిద్దయ్య నవాబుకు సలాము చేయడు. గురువుకు చేసిన సలాముకు మరొకరు తట్టుకోలేరంటాడు. పరీక్షకు బండరాయిని తెప్పిస్తారు. సిద్దయ్య సలాము చేయగానే అది పగిలిపోతుంది. కందిమల్లయపల్లె పరిసరాల్లో నేటికీ చెప్పుకునే కథనమిది.

దీనిని హిందూ ముస్లిం కథగా మాత్రమే చదివితే ఒక చిక్కు మిగులుతుంది. ఇందులో ఎదురుపడిన ఇద్దరూ ముస్లింలే. ఒకరు గద్దె మీద ఉన్నవారు, మరొకరు దూది ఏకే ఇంట పుట్టినవారు. సంఘర్షణ మతాల మధ్య కంటే హోదాల మధ్య ఎక్కువగా ఉంది. పైగా సిద్దయ్య తన గురుభక్తిని రుజువు చేసుకున్నది నమస్కారంతో కాదు, సలాముతో. తనదైన మర్యాదను వదులుకోకుండానే ఎవరికి తల వంచాలో తానే నిర్ణయించుకున్నాడు. కథలోని మహిమ కంటే ఈ నిర్ణయమే విమర్శకు ముఖ్యం కావలసింది.

దూదేకులవారి స్థితిని ఒక సామెత నిర్దాక్షిణ్యంగా పట్టిస్తుంది: తురకలు లేని ఊళ్ళో దూదేకులవాడే ముల్లా. ఉర్దూ మాట్లాడే ముస్లింల దృష్టిలో, ఇంట్లో తెలుగు మాట్లాడే దూదేకులవారు తక్కువవారు. హిందువుల దృష్టిలో వారూ తురకలే. ఈ రెండు చూపుల నడుమ నలిగిన సమూహాన్ని ‘ముస్లిం’ అన్న ఒక్క మాటతో సామరస్య చిత్రపటంలో కూర్చోబెట్టడం సౌలభ్యమే కాని పరిశోధన కాదు. ప్రభుత్వ జాబితా ఈ విషయంలో సాహిత్య విమర్శకంటే నిశితంగా ఉంది. దూదేకుల, లద్దాఫ్, పింజారి, నూర్‌బాషాలు బీసీ-బి వర్గంలో ఉన్నారు. 2007లో చట్టం ద్వారా ఇతర ముస్లిం సమూహాలకు 4 శాతం రిజర్వేషన్ కల్పించిన బీసీ-ఇ వర్గం వేరు.

గురుశిష్య సంబంధంలోని సమానత్వానికీ పరిమితి ఉంది. బ్రహ్మం జీవసమాధి అయిన తరువాత సిద్దయ్య ఆర్తికి మళ్ళీ దర్శనమిచ్చి దండం, పాదుకలు ప్రసాదించాడంటుంది సంప్రదాయం. కాని కందిమల్లయపల్లె పీఠం గురువు వంశీకులదే అయింది. సిద్దయ్య మఠం ముడుమాలలో వెలసింది. జ్ఞానానికి వారసుడు శిష్యుడు, సంస్థకు వారసులు కుటుంబీకులు. మాదిగ కక్కయ్య విషయానికి వస్తే అతనికి కథ తప్ప పీఠం ప్రసక్తే లేదు.

దేవునికడప ఆచారాన్నీ ఇదే దృష్టితో చూడవచ్చు. బీబీ నాంచారమ్మ తమ ఆడబిడ్డ అన్న విశ్వాసంతో ఉగాదినాడు ముస్లింలు వేంకటేశ్వరాలయానికి వస్తారు. ఇది అందమైన బంధుత్వం, సందేహం లేదు. అయితే పండుగనాడు అల్లుడింటి గడప తొక్కడం వేరు, ఏడాది పొడుగునా ఇరుగుపొరుగుగా బతకడం వేరు.

ఆ రెండవదాని గురించి మాట్లాడింది ఆధునిక ముస్లింవాద సాహిత్యం. ఖాదర్ మొహియుద్దీన్ ‘పుట్టుమచ్చ’ (1991), స్కైబాబ సంపాదకత్వంలో ‘జల్‌జలా’ (1998) ఆ గొంతుకు దారి వేశాయి. కడప జిల్లా నుంచి వచ్చిన వేంపల్లె షరీఫ్ ‘జుమ్మా’ సంపుటికి 2012లో కేంద్ర సాహిత్య అకాడమీ యువ పురస్కారం లభించింది. అందులోని శీర్షిక కథకు 2007 మే 18 నాటి మక్కా మసీదు పేలుడు నేపథ్యం. శుక్రవారం నమాజుకు వెళ్ళమని కొడుకును పోరే తల్లి, ఆ తరువాత మసీదు పేరెత్తితేనే భయపడుతుంది. నవాబు ముందు జంకని సిద్దయ్యను కొనియాడే విమర్శ, ఈ తల్లి జంకును ‘వర్తమాన సమస్య’గా పక్కకు నెట్టడం సరికాదు. రెండింటిలోనూ ఉన్నది ఒకే ప్రశ్న: తన ఆరాధనను తానే నిర్ణయించుకునే స్వేచ్ఛ ఎవరికుంది?

వృత్తిని అంటిపెట్టుకున్న చిన్నచూపును వదిలించుకోవడానికి ‘దూదేకుల’ స్థానంలో ‘నూర్‌బాషా’ అన్న పేరునే కోరేవారు ఇప్పుడు ఆ సమూహంలో ఉన్నారు. సిద్దయ్య పేరు దగ్గర మాత్రం ఆ మార్పు ఇంకా నిలవలేదు. కీర్తనలు పాడేవారికీ, ముడుమాలకు మొక్కు చెల్లించేవారికీ ఆయన దూదేకుల సిద్దయ్యే.