బొటనవ్రేలి విద్య
(తుపాకి ఆటల గేమ్‌ప్యాడును గూర్చి యొక విమర్శ)

కావ్యమును, నాటకమును, సంగీతమును విమర్శించుట మనకు వాడుక. పనిముట్టును విమర్శించుట వాడుక కాదు. వీణ విన్నవారు వైణికుని మెచ్చుకొందురు. మైనముపై మెట్లు అమర్చిన పనివానిని తలచువారు అరుదు. అయినను ఆ మెట్టు వెంట్రుకవాసి తప్పినచో విద్వాంసుని యేండ్ల సాధన యపస్వరమగును. నేడు మన పిల్లలు గంటలకొలది చేతబట్టి కూర్చుండు పనిముట్టు ఒకటి యున్నది. దానిని పెద్దలు తిట్టుటయే గాని, తెలిసి తిట్టుటగాని, తెలిసి మెచ్చుటగాని మేము వినలేదు. అందుచేత ఈ సంచికలో దానిని గూర్చి కొన్ని మాటలు వ్రాయుట యుక్తమని తలచితిమి.

మా విమర్శకు రంగస్థలము సిరొంచ. ప్రాణహిత గోదావరిలో గలియు చోటికి సమీపమున, కాళేశ్వరమునకు ఆవలి గట్టున నున్న యీ యూరు ఎన్ని యేలుబడులు చూచినదో పాఠకు లెరుగుదురు. 1860లో నిజాము చేతినుండి ఆంగ్లేయుల చేతికి వచ్చి అప్పర్ గోదావరి జిల్లాకు ముఖ్యస్థానమైనది. 1874లో చాందా జిల్లాలో గలిసినది. 1960లో మహారాష్ట్ర మేర్పడగా అందు భాగమైనది. 1982 ఆగస్టు 26 నుండి గడ్చిరోలి జిల్లాలోనిది. జిల్లాలు మారినను ఇంటిభాష మారలేదు. ఇంట తెలుగు, బడిలో మరాఠీ, చుట్టుప్రక్కల పల్లెలలో గోండి, మాడియా వినబడుచుండును. ఇప్పుడు వీనికి తోడు మరియొక భాష పిల్లల వ్రేళ్ళలో పుట్టినది. దానికి అక్షరములు లేవు. మీటలు మాత్రమే కలవు.

ఆ నడుమ మేము సిరొంచకు బోయినప్పుడు మాకు తెలిసిన యొక యింట విడిసితిమి. ఇంటి మనుమడు కళాశాల విద్యార్థి. అరుగుమీద గూర్చుండి, సెల్‌ఫోనును నల్లని పనిముట్టు నొకదానికి తగిలించి, రెండు చేతులతో బట్టి, కనురెప్ప వేయక ఆడుచుండెను. తాతగారు కొంతసేపు చూచి, "ఇదేందిరా, తుపాకేనా?" అని యడిగిరి. "కాదు తాతా, ఆడుకునే డబ్బా," అని మనుమడు తలయెత్తకయే బదులు చెప్పెను. తాతగారు మరల నేమియు ననలేదు. ఆ ప్రశ్నలో నొక జీవితకాలపు అనుభవ మున్నదని మాకు తోచినది. ఆ బదులులోను అసత్యము లేదు. ఈ రెంటి నడుమ నున్న దూరమే మా వ్యాసమునకు విషయము.

మొదట పనిముట్టును దెలిసికొందము. మనము ఆటలోని వీరుని కన్నులతోనే లోకమును చూచుచు, తెరపై తుపాకి చేతిని మాత్రమే గాంచుచు నాడు ఆటలు 1992లో వచ్చిన 'వుల్ఫెన్‌స్టైన్ 3డి', 1993 డిసెంబరులో వచ్చిన 'డూమ్' అనువానితో ప్రసిద్ధికెక్కినవి. 1996లో 'క్వేక్' వచ్చిన పిదప ఎడమచేత కీబోర్డు, కుడిచేత మౌసు అను పద్ధతి స్థిరపడినది. బల్ల లేనిచోట, సోఫామీద గూర్చుండి యాడువారికి ఈ పద్ధతి కుదరదు. 1997లో సోనీ కంపెనీ రెండు చిన్న పుల్లలు గల డ్యూయల్‌షాకును దెచ్చినది. ఎడమ పుల్లతో నడచుట, కుడి పుల్లతో చూచుట అను విభజన 2000లో ప్లేస్టేషనుపై వచ్చిన 'ఏలియన్ రిసరెక్షన్' అను ఆటలో గానవచ్చినప్పుడు కొందరు విమర్శకులు దానిని కష్టమని యాక్షేపించిరి. 2001లో 'హేలో' వచ్చిన తరువాత అదియే లోకమంతటికి వాడుక యైనది. నిన్నటి దోషము నేటి వ్యాకరణమగుట భాషలోనే కాదు, ఆటలోను గలదు.

మౌసునకు గేమ్‌ప్యాడునకు గల భేదమును ప్రాణహిత గట్టున నున్నవారికి సులువుగా జెప్పవచ్చును. మౌసు వ్రేలితో చూపుట వంటిది: చేయి యెంత జరిగినదో చూపు అంతయే జరుగును, చేయి యాగిన చూపు ఆగును. గేమ్‌ప్యాడు పుల్ల పడవ చుక్కాని వంటిది: దానిని వంచి పట్టుకొన్నంతసేపు చూపు తిరుగుచునే యుండును, ఎంత వంచిన నంత వేగముగ దిరుగును. చుక్కాని పట్టువాడు పడవ గట్టున దగులుటకు ముందే దానిని సరిదిద్దవలెను. అట్లే ఈ పుల్ల పట్టువాడు గురి కుదురుటకు ముందే పుల్లను నడుమకు దేవలెను. ఆలస్యమైన గురి దాటిపోవును. తొందరపడిన గురికి అందదు. ఇది యభ్యాసముచే వచ్చు విద్య యనుటకు సందేహము లేదు.

సామాన్యమైన గేమ్‌ప్యాడులో నొక లోపము గలదు. కుడి బొటనవ్రేలు చూపు పుల్లను విడిచి మీట నొక్కినగాని వీరుడు ఎగురలేడు, వంగలేడు. ఎగురునప్పుడు చూపు నిలిచిపోవును. అనగా ఎగురుటయు చూచుటయు నొక్కసారి సాగవు. భారతములో ద్రోణుడు ఏకలవ్యుని బొటనవ్రేలే యేల యడిగెనో ఈ పనిముట్టును బట్టిన వానికి చక్కగ దెలియును. విద్యయంతయు ఆ యొక్క వ్రేలిలో నున్నది. తక్కిన వ్రేళ్ళు ఊరక ఆనుకొని యుండును.

తుపాకి ఆటలకై ప్రత్యేకముగ జేయబడు గేమ్‌ప్యాడులు ఈ లోపమును దీర్చుటకే పుట్టినవి. 2015లో మైక్రోసాఫ్టు తెచ్చిన ఎలైటు ప్యాడునకు వెనుకవైపున మడమల వంటి మీటలు గలవు. సోమరులైన మధ్యవ్రేలికి, ఉంగరపువ్రేలికి పని దొరకినది. బొటనవ్రేలు చూపును విడువ నక్కరలేదు. ట్రిగ్గరు ఎంతదూరము దిగవలెనో తగ్గించు ఏర్పాటును అందున్నది. తరువాత వచ్చిన మరికొన్ని ప్యాడులలో పుల్ల క్రింద రాపిడిచే అరుగు పరికరమునకు మారుగా అయస్కాంతముచే పనిచేయు హాల్ సెన్సరును అమర్చిరి. పాతవానిలో పరికరము అరిగినకొలది, ముట్టుకొనకపోయినను చూపు తనంత తానే ప్రక్కకు జారును. తక్కెడ ముల్లు ఖాళీగా నున్నప్పుడే ఒరిగినట్లుండు నది. దానిని మాన్పుట మంచి పనితనమే. వ్రేళ్ళ బుద్ధినంతయు వాడుకొను పనిముట్టు మెచ్చదగినది. ఆ మెప్పును మేము వెనుదీయక యిచ్చుచున్నాము.

ఇక దోషములు. మొదటిది న్యాయమునకు సంబంధించినది. చుక్కాని వంటి పుల్లతో మౌసుపాటి గురి కుదరదు గనుక, ఆటలు చేయువారు గురి దగ్గరపడినప్పుడు చూపు వేగమును తామే తగ్గించి సాయపడుదురు. దీనిని 'ఎయిమ్ అసిస్ట్' అందురు. ఆడువాని నేర్పెంత, ఆట చేసిన సాయమెంత యని తెలియని యీ స్థితి పందెములో తగవులకు తావిచ్చుచున్నది. 2019 అక్టోబరులో వచ్చిన 'కాల్ ఆఫ్ డ్యూటీ మొబైల్' గేమ్‌ప్యాడు పట్టువారిని గేమ్‌ప్యాడు పట్టువారితోనే జతగూర్చుట మంచి మర్యాద. కాని పల్లె కుర్రవానికి దొరకునది యెక్కువగా ఫోను అంచున తగిలించు చౌక ట్రిగ్గరు మాత్రమే. గోలీలాటలో అందరి గోలీలు ఒక్కటే. చిర్రగోనెలో అందరి కర్రలు ఒక్కచెట్టువే. ఇందు అట్లు కాదు. కొనగలిగిన చేతికి నాలుగు వ్రేళ్ళు ఎక్కువ మొలచును. ఓడినవాడు తన విద్యను నిందించుకొనవలెనో, తండ్రి సంపాదనను నిందించుకొనవలెనో తెలియకుండుట ఆటకు కీడు.

రెండవ దోషము లోతైనది. దానిని చెప్పుటకు సిరొంచ వంటి చోటు తప్ప వేరుచోటు తగదు.

1980 ప్రాంతమున తెలంగాణమునుండి సాయుధ దళములు ప్రాణహితను దాటి యీ యడవులలో బ్రవేశించినవి. నాటినుండి నాలుగు దశాబ్దములకు పైగా గడ్చిరోలి జిల్లా నిజమైన తుపాకి మ్రోతను వినినది. 2019 మే 1న, మహారాష్ట్ర దినోత్సవమునాడే, మందుపాతర ప్రేలి పదునైదుగురు పోలీసులును వారి వాహనచోదకుడును మరణించిరి. రెండువైపుల పోయిన బిడ్డలు, నడుమ నలిగిన పల్లెవారు ఎందరో. 2025 అక్టోబరులో మల్లోజుల వేణుగోపాలరావు అరువదిమంది సహచరులతో ఈ జిల్లాలోనే లొంగిపోయిరి. తుపాకిని పట్టుటయు, విడుచుటయు నిచ్చట వార్తాపత్రికలోని సంగతులు గావు, ఇరుగుపొరుగు సంగతులు. తాతగారి ప్రశ్న ఈ చరిత్రనుండి పుట్టినది.

ఇట్టి చోట గేమ్‌ప్యాడు ఏమి చేయుచున్నది? తుపాకి ప్రేలినప్పుడెల్ల లోనున్న చిన్న మోటారు అరచేతిని అదరించును. 2020లో వచ్చిన సోనీ డ్యూయల్‌సెన్సు ప్యాడులో ట్రిగ్గరు వ్రేలికి ఎదురు నిలిచి, నిజమైన గొళ్ళెము బరువును అభినయించును. అనగా తుపాకి యొక్క బిగువు, బరువు, అదురు అన్నియు చేతికి దెలియజేయుటకు ఈ శిల్పులు మిక్కిలి శ్రమపడిరి. కాని ఎదుటనున్నవానికి ఏమైనదో చేతికి దెలియజేయు ఏర్పాటు ఒక్కటియు లేదు. పడినవాడు క్షణములో మాయమగును. మరుసటి ఆటలో మరల లేచును. కళలో నిది సగము సత్యము. కారణమును సూక్ష్మముగ వర్ణించి ఫలితమును విడిచిన కావ్యమును మనము పూర్ణకావ్య మందుమా? యుద్ధపర్వములతో పాటు స్త్రీపర్వమును గూడ వ్రాసినందుననే భారతము భారతమైనది.

ప్రభుత్వమును కంపెనీలును ఈ లోపమును గుర్తింపక పోలేదు. 2020 సెప్టెంబరు 2న పబ్జీ మొబైలును మన దేశమున నిషేధించిరి. దానికి కారణము దేశభద్రతకు, సమాచార రక్షణకు సంబంధించినది. 2021 జూలై 2న అదియే వేరుపేరుతో మరల వచ్చినప్పుడు నెత్తురునకు ఆకుపచ్చరంగు పూసిరి. పదునెనిమిదేండ్లలోపు వారికి దినమునకు మూడు గంటల హద్దు పెట్టిరి. హద్దు మంచిదే. రంగు మార్చుట మాత్రము విమర్శకు నిలువదు. నెత్తురు ఎరుపైనందున వచ్చిన దోషము గాదిది. దాని వెనుక మనిషి లేనందున వచ్చినది.

అట్లని గేమ్‌ప్యాడును ప్రాణహితలో పారవేయుడని మేము చెప్పబోము. ఈ ఆటలాడినవారందరు హింసాపరులగుదురని చెప్పుటయు న్యాయము గాదు. మా ఆతిథేయుని మనుమడు ఆట ముగిసిన వెంటనే లేచి తాతగారికి మందులు, నీళ్ళు తెచ్చియిచ్చెను. మేము చెప్పునది పనిముట్టును గూర్చియే. ఈ పనిముట్టులో మూడు పనులు గలవు: ఎడమ బొటనవ్రేలు నడచును, కుడి బొటనవ్రేలు చూచును, చూపుడువ్రేలు ప్రేల్చును. ఇందు సాధన వలసినవి మొదటి రెండు. ప్రేల్చుటకు సాధన యక్కరలేదు. అది పసివాడు సైతము చేయగల పని. నేర్పంతయు చూచుటలో నున్నది. పేరు చూపుడువ్రేలిది, విద్య బొటనవ్రేలిది!

చూచుటకు సిరొంచలో నేమి తక్కువ? ఈ తాలూకాలోని కోట గ్రామము పేరనే భూగర్భశాస్త్రజ్ఞులు ఒక రాతిపొరను పిలుతురు. పోచంపల్లి ప్రాంతమున ఆ పొరనుండి 1960 ప్రాంతమున వెలికివచ్చిన మహాజంతువు ఎముకలకు 1975లో బరపాసారస్ టాగోరీ అని రవీంద్రుని పేర నామకరణము చేసిరి. ఆ యస్థిపంజరము నేడు కలకత్తాలోని భారత గణాంకశాస్త్ర సంస్థలో నిలిచియున్నది. సిరొంచ పిల్లలలో దానిని చూచినవా రెందరు? అదే గేమ్‌ప్యాడు, అవే రెండు పుల్లలు, అదే మొదటిపురుష చూపుతో కోట్ల యేండ్లనాటి ఆ యడవిలో నడచి, ఆ జంతువు పాదము ప్రక్కన నిలిచి తలయెత్తి చూచునట్టి యాటను, తెలుగులోను మరాఠీలోను గోండిలోను మాటలాడు ఆటను, మన యువకులే యేల చేయరాదు? తుపాకి లేక కేవలము నడచుచు చూచుచు సాగు మొదటిపురుష ఆటలు లోకములో నిప్పటికే యున్నవి. కావలసినది మన కథ.

పనిముట్టు మనసు మార్చుకొనగలదనుటకు మరియొక నిదర్శనము గలదు. 2018లో మైక్రోసాఫ్టు అంగవైకల్యము గలవారికై యొక ప్యాడును దెచ్చినది. రెండు పెద్ద మీటలు, వెనుకవైపున అనేక రంధ్రములు; వానికి కాలిమీటనో, మోచేతిమీటనో తగిలించుకొనవచ్చును. బొటనవ్రేలు లేనివాడును ఆడగలడు. గెలుపుకై వ్రేళ్ళు పెంచిన పరిశ్రమయే, వ్రేళ్ళు లేనివానికి చోటిచ్చినది. ఏకలవ్యునికి ద్రోణుడు చేయని న్యాయమును ఒక డబ్బా చేసినది. మా దృష్టిలో ఈ పనిముట్ల చరిత్రలో ఇంతకంటె ఘనమైన అధ్యాయము లేదు.

కావున తలిదండ్రులకు మా మనవి యొక్కటే. పిల్లవాని చేతినుండి దానిని లాగుకొనుటకు ముందు ఒకసారి ప్రక్కన గూర్చుండి చూడుడు. ఏ వ్రేలు ఏమి చేయుచున్నదో అడుగుడు. వాడు చెప్పును, మీరు మీ నాటి సంగతి చెప్పుడు. మేము సిరొంచ విడుచుదినమున ఉదయము తాతగారు ఆ డబ్బాను చేతబట్టి కుడి పుల్లను మెల్లగా త్రిప్పుచుండిరి. తెరమీద నొక ఖాళీ మైదానము, దూరమున కొండలు. "తిప్పితే చుట్టూ అంతా కనబడుతది," అని వారు మాతో ననిరి. మనుమడు ప్రక్కన నిలిచి ట్రిగ్గరుపైనుండి వారి వ్రేలిని మెల్లగా దొలగించెను.