పై యరలోని పుస్తకము

మా తమ్ముని మనుమరాలు గడచిన ఆదివారమునాడు ‘దేవదాసు’ నవలను ఒక్క పూటలో చదివి ముగించి, ఎఱ్ఱబడిన కన్నులతో నా గదిలోనికి వచ్చి, పుస్తకమును బల్లపై పడవైచి, “ఇతని కోసం ఏడిపిస్తాడేంటి తాతయ్యా ఈ రచయిత? ఏడుపూ వస్తోంది, ఒళ్ళూ మండుతోంది” అన్నది. నాకు ముందుగా కలిగినది కోపము. ఏలయన, ఇరువదేండ్లు నిండని పిల్లల చేతికి ఈ నవల నీయరాదని ఈ శీర్షికలో నేనెన్ని మారులు వ్రాసితినో పాఠకులెఱుగుదురు. మా యింట దానిని పై యరలో నుంచినదియు అందులకే. శరత్‌బాబు సయితము పడుచుదనమున దీనిని వ్రాసి, అచ్చున కిచ్చుటకు ఏండ్ల తరబడి సంకోచించి, తుదకు 1917లో గాని వెలువరింపలేదని చెప్పి, నా వాదమునకు ఆయననే సాక్షిగా నిలుపుచుండెడివాడను.

చక్రపాణి ప్రభృతుల తెలుగు అనువాదముల మూలమున శరత్తు మన యింటివాడైన ఆ దినములలో, వసతిగృహమున లాంతరు చుట్టును చేరి మేము నలుగురము వంతులవారీగా ఈ నవలను బిగ్గరగా చదువుకొంటిమి. పాండువా స్టేషనులో రైలు దిగి, ఎడ్లబండిపై హాతీపోతా చేరి, తాను వలచిన పార్వతి మెట్టినింటి యెదుటి రావిచెట్టు క్రింద దేవదాసు ప్రాణములు విడిచెడి పుట వచ్చుసరికి, చదువువాని గొంతు పూడుకొనిపోయి పుస్తకము చేయి మాఱినది, అందుకొన్నవాడును చదువలేకపోయెను. మాలో నొకడు, తాను వలచిన పిల్లకు మఱియొకచోట సంబంధము కుదిరియుండుటచే, ఆ రాత్రి మొదలు సరిగా అన్నము తినక, పరీక్షకు పోక, తానే దేవదాసునని నమ్మి ఒక యేడాది చదువును చెఱుపుకొనెను. 1953లో చిత్రము వచ్చి, నాగేశ్వరరావు నటనయు ఘంటసాల గానమును తోడైన పిమ్మట, ఆ పేరు మన భాషలో భగ్నప్రేమికుల కందఱకును జాతివాచకమే యైనది. ఆ మిత్రుని తలచుకొనియే నేను పుస్తకమును పై యర కెక్కించితిని.

పిల్లకు బదులు చెప్పుటకై దానిని మరల తెఱచితిని. పార్వతి పెండ్లికి ముందు, నీళ్ళ రేవులో దేవదాసు గాలపు కఱ్ఱతో ఆమె నుదురు పగులగొట్టిన ఘట్టము నాకు గుర్తే. తన చొక్కా చింపి, తడిపి, తానే కట్టుకట్టి, ఎవరైన నడిగినచో అబద్ధమాడుమని చెప్పును. నేను మఱచినది అంతకు పూర్వపు పుట. చిన్ననాడు గాలమునకు వెదురు కోయుచున్నప్పుడు అతడామెను కొట్టును. ఏడ్చుచు ఇంటికి వచ్చిన యా పసిది, కొట్టినదెవరని అడిగిన నాయనమ్మకు, పంతులుగారని చెప్పును. రేవులో అతడు నేర్పబోయిన అబద్ధమును ఆమె అంతకు ఎన్నో యేండ్ల క్రిందటనే, ఎవరును నేర్పకయే, ఆడియున్నది. రచయిత దానిపై ఒక్క వ్యాఖ్యయైనను చేయడు. మన ముందుంచి సాగిపోవును. రావిచెట్టు క్రింది చావుకంటె నా గుండెను ఈ పర్యాయము పిండినది ఆ ఒక్క మాట.

ఆ పుటను సయితము మేము నలుగురము బిగ్గరగానే చదివితిమి. ఒక్కరి గొంతైనను వణకలేదు. మా మిత్రుని చెఱిపినది ఈ నవల యని ఇన్నేండ్లు నమ్మితిని. చెఱిపినది మేము చదివిన తీరు.

పిల్లను పిలిచి ఆ పుట చూపితిని. “తెలుసు తాతయ్యా, నాకు ఒళ్ళు మండింది అక్కడే” అన్నది.

నా పూర్వపు మాటను ఇందుమూలముగా ఉపసంహరించుకొనుచున్నాను. మీ యింటను ఈ పుస్తకము పై యరలో నున్నచో క్రిందికి దింపుడు. ముందుగా మగపిల్లల కీయుడు.