కొట్లో వస్తువు ఎవరిది?

లేమి వల్ల చేసిన దొంగతనాన్ని తప్పు పట్టవచ్చునా? “కడుపు కాలితే ఏం చేస్తారండీ?” అంటారొకరు. “లేనివాళ్లందరూ దొంగలవుతున్నారా?” అంటారు మరొకరు. చర్చ అక్కడే ఆగిపోతుంది. జపాన్ దర్శకుడు హిరొకాజు కొరె-ఎదా 2018లో తీసిన ‘షాప్‌లిఫ్టర్స్’ అక్కడ ఆగలేదు. ఆ ఏడు కాన్ చిత్రోత్సవంలో ‘పామ్ డోర్’ బహుమతి దానికే వచ్చింది.

టోక్యోలో ఓ ఇరుకు కొంప. ముసలావిడ పింఛను, కూలి డబ్బులు, అవీ చాలకపోతే చేతివాటం. ఇంటి పెద్ద ఒసాము తను పెంచుకుంటున్న కుర్రాడు షోటా చేత సూపర్ మార్కెట్లో దొంగతనాలు చేయిస్తుంటాడు. కొట్లో ఉన్నంతసేపూ వస్తువు ఎవరిదీ కాదని అతని వాదన. కొట్టు దివాలా తియ్యనంతవరకూ ఫరవాలేదని అతనితో ఉంటున్న నొబుయో సర్దిచెబుతుంది. వినడానికి ఎంత సుఖంగా ఉందో చూడండి!

ఈ వాదనకి జవాబు పోలీసులు చెప్పరు, వీధిలో చిన్న కొట్టు ముసలాయన చెబుతాడు. ఆయన అన్నీ చూస్తూనే ఉన్నాడు. షోటా చేతిలో తినేవి రెండు పెట్టి, చెల్లెలి చేత మాత్రం ఈ పని చేయించకు అంటాడు, అంతే. తర్వాత ఓ రోజు ఆ కొట్టు మూసి ఉంటుంది. ఎవరో పోయారని తలుపు మీద కాగితం. తన మూలంగానే మూతపడిందనుకున్నాడేమో పిల్లవాడు! ఆ పైన చెల్లెల్ని కాపాడటానికి తనే నారింజపళ్లు లాక్కుని, అందరూ చూస్తుండగా పరుగెడతాడు.

అలాగని దర్శకుడు కారణాలు దాచలేదు. పనిలో కాలు విరిగిన ఒసాముకి పరిహారం రాదు. నొబుయో పనిచేసే లాండ్రీలోనైతే, ఇద్దరు ఆడవాళ్లలో ఎవరు మానేస్తారో మీరే తేల్చుకోండంటారు. యజమాని చేతికి మట్టి అంటదు, స్నేహితురాళ్లు శత్రువులవుతారు! సినిమా మొత్తంలో నాకు అన్నిటికన్నా కోపం తెప్పించిన ఘట్టం ఇదే. ఇందులో చట్టం దొంగతనమనే పని ఒక్కటీ లేదు.

నాకున్న ఫిర్యాదు ఒక్కటే. సరుకు లెక్క తగ్గితే మాట పడేదెవరు? చిన్న కొట్టు ముసలాయన ముఖం అంత దగ్గరగా చూపించినవారు, సూపర్ మార్కెట్లో నిలువుకాళ్ల మీద పనిచేసేవాళ్ల కష్టసుఖాల జోలికి వెళ్లలేదు.