మే నెల ఫొటో పంపు వదినా

కార్తీకం వచ్చిందంటే మా సదుం ప్రాంతంలో పెరళ్లకు నోరొస్తుంది. ఊదారంగు పూత విరగబూసిన చిక్కుడు పందిరి, దడి మీదికి పాకిన బీర, చంటిబిడ్డ పక్కన పెట్టి తీసిన సొరకాయ, ఈ ఫొటోలన్నీ సెల్‌ఫోన్లలో ఇంటింటికీ తిరుగుతాయి. గోడవతల నుంచి పలకరింపులూ వాటి గురించే. "మా సొరకాయ సూడు వదినా, మా బుడ్డోడంత ఉండాది" అని ఒకామె. "పోయినేడు రాళ్లగుట్ట కదమ్మే అది, ఇంత తోటెట్ట చేసినావు?" అని ఇంకొకామె. పెళ్లై పుంగనూరుకో, మదనపల్లెకో, బెంగళూరుకో పోయిన ఆడబిడ్డలు అక్కడి మిద్దెల మీది తొట్లను చూపిస్తారు. ఈ సంబరం నాకూ ఇష్టమే. కాకపోతే ఒక్క మాట చెప్పాలనిపిస్తుంది. కార్తీకంలో కనిపించేది వాన చేసిన తోట. మనం చేసిన తోట ఎంతో తెలియాలంటే వైశాఖంలో చూడాలి.

మనది ఎర్రనేల, చాలాచోట్ల గరుసు. పోసిన నీళ్లు ఇట్టే ఇంకుతాయి, ఎండకు ఇట్టే ఆరతాయి. నైరుతి వానలు కొంత తడిపితే, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య వానలు, తుపాన్లు మిగతా లోటు తీరుస్తాయి. సంక్రాంతి దాటాక మళ్లీ మామిడికాయల కాలపు గాలివాన దాకా ఆకాశం ముఖం చాటేస్తుంది. చేలల్లో బోర్లు వెయ్యి అడుగులకు దిగిన తావుల్లో, పెరటి మొక్కకు మోటారు వెయ్యమని ఏ ఇంట్లోనూ అడగలేం. అందుకే శివరాత్రికల్లా పందిళ్లు ఎండిపోయి పుల్లలు పొయ్యిలోకి చేరతాయి.

చిక్కుడు సంగతే చూడండి. మన నాటు చిక్కుడు, అనపకాయ పగటి పొద్దు తగ్గితేనే పూతకొచ్చే రకాలు. ఆషాఢంలో పెట్టినా, శ్రావణంలో పెట్టినా తీగ సాగుతుందే గాని, పూత మాత్రం చలి తగిలే వేళకే. కాబట్టి ఊరంతా ఒక్కసారే కాస్తుంది. ఒకరికొకరు పంచుకున్నా ఇంకా మిగులుతుంది. ఆ నాళ్లలో సంగటిలోకి పితికిపప్పే పితికిపప్పు. నాలుగు నెలలు తిరక్కుండానే అదే ఇల్లాలు సంతలో తోటకూర కట్ట దగ్గర బేరమాడుతూ కనిపిస్తుంది.

టమాటా రైతు ఇల్లు మరీ విచిత్రం. ఆసియాలోని పెద్ద టమాటా మార్కెట్లలో ఒకటిగా పేరున్న మదనపల్లెకు ఈ చుట్టుపక్కల చేల నుంచే క్రేట్లు పోతాయి. కోత కూలి కూడా రాదని కాయను చెట్టుమీదే వదిలేసిన ఏళ్లున్నాయి. 2023 జూలైలో కిలో నూటయాభై దాటినప్పుడు తోటలకు రాత్రి కాపలా పెట్టుకున్న రోజులూ ఉన్నాయి. ధర లేచినా పడినా ఆ ఇంటి పెరడు మాత్రం క్రేట్లు పేర్చడానికి, డ్రిప్పు పైపులు చుట్టిపెట్టడానికే మిగిలింది. లోడు లోడు కాయ పంపే ఇంట్లో కూరాకు కొనుక్కుంటున్నారు.

అందుకని పెరడు బాగుపడిందా లేదా అని చూసుకోవడానికి నాదొక లెక్క. ఏడాదిలో ఎన్ని నెలలు పెరటి నుంచి పొయ్యి మీదికి ఏదో ఒకటి వచ్చింది? గోడమీది క్యాలెండరులో, పెరటి కూర వండిన రోజు ఒక చుక్క పెట్టండి. ఏడాది చివర తిరగేస్తే నవంబరు, డిసెంబరు చుక్కలతో నిండిపోయి, ఏప్రిల్, మే బోసిగా కనిపిస్తాయి. ఆ బోసి గళ్లలో చుక్కలు పెరిగితేనే పెరడు పెరిగినట్టు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ మనిషికి రోజుకు కూరగాయలు, పండ్లు కలిపి అరకిలో దాకా తినమంటోంది. నలుగురున్న ఇంటికి అది రెండు కిలోలు. రెండు సెంట్ల పెరడు అంతా ఇవ్వలేదు, ఇవ్వనక్కర్లేదు. ఆకుకూర ఒక్కటి ఏడాది పొడుగునా ఇస్తే చాలు, దాని పని అది చేసినట్టే.

మా వీధిలో ఒక పెద్దమ్మ ఉంది. ఆమె పెరటి ఫొటో ఎవరూ తీయరు, తీసినా అందంగా రాదు. మేలో ఆ పెరటికి పోతే మాత్రం మునగాకు, కరివేపాకు, గోడవార బచ్చలి, తడి ఉన్న మూలలో పొనగంటి, చేమ కనిపిస్తాయి. ఎండకు నిలవని కొత్తిమీర, పాలకూర జోలికి ఆ నెలల్లో ఆమె పోదు. బోకులు తోమిన సబ్బు నీళ్లు అరటి మొదటికి పోతాయి. రెండోసారి కడిగిన నీళ్లు, బియ్యం కడిగిన నీళ్లు ఆకుమళ్లకు. పాదుల నిండా చెనిక్కాయ పొట్టు పరిచి ఉంటుంది. దాని కింద వేలు పెట్టి చూస్తే, చుట్టూ నేల నెర్రెలిచ్చినా అక్కడ చెమ్మ తగులుతుంది. పడమటి ఎండకు అడ్డంగా వరసగా ఆముదం చెట్లు. "ఇంత ఎండలో ఎట్ట నిలబెట్నావు పెద్దమ్మా?" అంటే, "నేను నిలబెట్టేదేముందిమ్మే, నీళ్లు యాడ పోతా ఉండాయో సూసుకుంటే సాలు" అంటుంది.

ఆమె పెరట్లో నాలుగు మట్టికుండలు మెడదాకా పాతి ఉన్నాయి. మూతి మాత్రం పైకి కనిపిస్తుంది, దాని మీద మూకుడు. కుండ నింపితే నీళ్లు ఒక్కసారిగా పోవు. చుట్టూ మట్టి ఆరేకొద్దీ గోడ గుండా కొంచెం కొంచెం ఊరి, వేరుకు అందుతాయి. పైన తడి ఉండదు కాబట్టి కలుపు తక్కువ, ఆవిరై పోయేదీ తక్కువ. రెండువేల ఏళ్ల కిందటి చైనా సేద్య గ్రంథంలోనే ఈ పద్ధతి ఉంది. కుప్పంలో 1990ల చివర ఇజ్రాయెల్ పరిజ్ఞానంతో పొలాలకు డ్రిప్పు తెచ్చినప్పుడు జనం బండ్లు కట్టుకుని చూడబోయారు. వేరు దగ్గరికే చుక్కచుక్కగా నీళ్లన్న ఆ సూత్రమే, కరెంటూ ఖర్చూ లేకుండా పెద్దమ్మ కుండలో ఉంది. కొత్త కుండే కానక్కర్లేదు, పైన మెరుపు పూత లేని పాత నీళ్లకుండ చాలు.

ఎరువుకూ దూరం పోనక్కర్లేదు. పుంగనూరు పొట్టి ఆవు మూడడుగుల ఎత్తుకు అటూ ఇటూగా ఉండి, కొద్దిపాటి మేతతో, పాలలో వెన్న దండిగా ఇచ్చే జాతి. పెరట్లో ఇమిడే ఆవు అది. పలమనేరు పశు పరిశోధన కేంద్రంలో ఆ జాతిని కాపాడుతున్నారు. ఇప్పుడది లక్షలు పలుకుతోంది, అందరం కొనలేం. ఏ ఆవు పేడైనా, ఎండుటాకులు, కూరగాయల తొక్కలతో కలిపి నీడన ఒక మూల మాగబెడితే వానాకాలానికి పెరటికి సరిపడా ఎరువు తయారవుతుంది. ఎర్రనేల నీళ్లు పట్టి ఉంచాలంటే ఆ ఎరువు కలవాల్సిందే.

ఇక ఒకరికొకరు చూపించుకోవడం గురించి. కాయను చూపిస్తే చూసినవాళ్లకు కొంచెం అసూయ, కొంచెం ఆనందం. మొక్క కష్టాన్ని చూపిస్తే వాళ్లకు పనికొచ్చే మాట దొరుకుతుంది. "సొరపిందెలు మాడి రాలిపోతా ఉండాయి" అని ఒకామె అడిగితే, "సొర, బీర పూలు పొద్దు వాలినాక ఇచ్చుకుంటాయి. దీపాలవేళ మగపువ్వు తెంచి, పిందె ఉన్న ఆడపువ్వుకు తాకించు. గుమ్మడికీ కాకరకీ అయితే తెల్లారి చెయ్యి" అని ఇంకొకామె చెప్పింది. ఆ మాటతో ఎన్నో ఇళ్లలో పిందె నిలబడింది. విత్తనం ఇచ్చేటప్పుడు కూడా నాటు రకమో హైబ్రిడో చెప్పి ఇవ్వాలి. హైబ్రిడ్ కాయలో గింజ తీసి పెడితే తల్లిలాంటి కాపు రాదు.

పట్నాల్లో మిద్దెల మీద కూరగాయలు పెంచి, ఒకరికొకరు చెప్పుకునే అలవాటు బాగా పాకింది. కథకుడు తుమ్మేటి రఘోత్తమరెడ్డి హైదరాబాదు శివారు నారపల్లిలో తన ఇంటి మిద్దె మీద కూరగాయలు, పండ్లు పండించి, ఆ అనుభవాన్ని ఎందరికో పంచి, మిద్దెతోట అన్న మాటను ఇంటింటి మాట చేశారు. సిమెంటు పలక మీద వాళ్లు ఎండాకాలం దాటించగలిగితే, కాళ్ల కింద నేల ఉన్న మనకు సాకులు ఉండకూడదు.

కాబట్టి వదినలారా, అక్కలారా, ఈ సంక్రాంతి లోపు ఒక పాత కుండ పాతండి. ఒక మునగ కొమ్మ నాటండి. నేలలో తడి ఉండగానే పాదులకు పొట్టు కప్పండి. మేలో ఫొటో తీసి పంపండి. దాంతోపాటు ఎన్ని బిందెల నీళ్లు పోశారో, అవి ఎక్కడివో కూడా చెప్పండి. పక్కింటావిడకు పనికొచ్చేది ఆ లెక్కే.