పంట విరామంలో సహకారం ఎవరిది? సామాజిక సందిగ్ధ సిద్ధాంతానికి కోనసీమ వేసే ప్రశ్న

2011 సార్వాలో కోనసీమ రైతులు వేలాది ఎకరాల్లో వరి నాట్లు వేయకుండా భూములను ఖాళీగా వదిలివేశారు. అల్లవరం, ఉప్పలగుప్తం, కాట్రేనికోన వంటి శివారు మండలాలు ఇందులో ముందు నిలిచాయి. 'క్రాప్ హాలిడే', 'పంట విరామం' అనే మాటలు ఆ ఏడాది పత్రికాభాషలో స్థిరపడ్డాయి. రాష్ట్ర ప్రభుత్వం మోహన్ కందా అధ్యక్షతన ఒక కమిటీని నియమించింది. సాధారణంగా ఈ ఘటనను గిట్టుబాటు ధర సమస్యగానో, రైతు ఉద్యమంగానో చర్చిస్తారు. సహకార మనస్తత్వాన్ని అధ్యయనం చేసేవారికి మాత్రం ఇది ఇబ్బందికరమైన ఉదాహరణ. సిద్ధాంత పరిభాషలోని ప్రతి మాటా ఇక్కడ అతికినట్లే కనిపిస్తుంది. దగ్గరగా చూస్తే ఏదీ పూర్తిగా అతకదు.

రాబిన్ డాస్ 1980లో సామాజిక సందిగ్ధాన్ని రెండు షరతులతో నిర్వచించాడు. ఇతరులు ఏమి చేసినా సరే, సహకరించకపోవడమే వ్యక్తికి ఎక్కువ లాభం కావాలి. అయినప్పటికీ, అందరూ సహకరిస్తే కలిగే ఫలితం అందరూ మానుకున్నప్పటి ఫలితం కంటె మెరుగై ఉండాలి. పంట విరామాన్ని ఈ చట్రంలో పెట్టడం మొదటి చూపుకు సులువే. అందరూ సాగు మానితే ప్రభుత్వం దిగివస్తుంది. ఒక్కడు మాత్రం నాటుకుంటే ఆ ఫలితమూ దక్కుతుంది, పంటా దక్కుతుంది. మాన్కర్ ఓల్సన్ 1965లో చెప్పిన అప్పనపు లబ్ధిదారు ఇతడే.

అయితే ఈ అన్వయంలో మొదటి షరతే నిలవదు. 2011-12కు సాధారణ రకం ధాన్యం మద్దతు ధర క్వింటాలుకు 1,080 రూపాయలు. ఆ ధరకు సార్వా సాగు నష్టమేనన్నది రైతుల ప్రధాన వాదన. నష్టమే నిజమైతే కట్టు తప్పి నాటుకున్నవాడికి మిగిలే లాభమేమిటి? పైగా, చుట్టూ బీడుపడిన భూముల మధ్య ఒక్క కమతంలో వరి ఉంటే ఎలుకలూ పశువులూ దాని మీదనే పడతాయి. విరామం పాటించేవారి సంఖ్య పెరిగేకొద్దీ పాటించనివాడి నష్టం పెరుగుతుంది. ఖైదీల సందిగ్ధంలో జరిగేది దీనికి విరుద్ధం. అక్కడ ఎదుటివారి సహకారం వంచకుడికి పెట్టుబడి. కనుక పంట విరామాన్ని క్రీడా సిద్ధాంతం భరోసా క్రీడ అని పిలిచే తరగతిలో చేర్చడం ఉచితం. ఇక్కడ మనిషిని వెనక్కు లాగేది దురాశ కాదు, 'నేనొక్కణ్ణే మిగిలిపోతానేమో' అన్న సందేహం. ఈ రెండింటినీ కలిపి 'స్వార్థం' అనే ఒక్క గంపలో వేయడం మన సాంఘిక శాస్త్ర రచనల్లో తరచుగా కనిపించే తొందరపాటు.

సాగు ఎలాగూ నష్టమైనప్పుడు ఎవరికి వారు మానుకోవచ్చు కదా, సామూహిక ప్రకటన ఎందుకు? దీనికి జవాబు లెక్కల్లో కంటె గౌరవంలో వెతకాలి. కాలువ కింద భూమి ఉండి బీడు పెట్టినవాడికి డెల్టా గ్రామంలో మర్యాద ఉండదు. చేతకానివాడనో, అప్పులపాలయ్యాడనో అంటారు. అందరూ కలిసి ప్రకటించినప్పుడు అదే బీడు నిరసన అవుతుంది. 2001లో ఫిష్‌బాకర్, గేష్టర్, ఫేర్ జరిపిన ప్రయోగంలో పాల్గొన్నవారిలో సుమారు సగం మంది ఇతరులు ఇచ్చినకొద్దీ తామూ ఇచ్చే షరతు సహకారులు. అలాంటివారికి కావలసింది ఉపదేశం కాదు, ఎదుటివాడు ఏమి చేస్తున్నాడో కనిపించడం. నాట్లు పడని చేను గట్టు మీద నుంచే కనిపిస్తుంది. విరామానికి వేరే కాపలా అక్కరలేకపోయింది.

మురుగు కాలువకు ఈ సౌలభ్యం లేదు. విరామం వెనుక ఉన్న అసలు సమస్యల్లో ముంపు ఒకటి. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయినప్పటి నుంచీ డెల్టా చరిత్రను నీటి రాకగా చెప్పుకోవడం అలవాటు. నీటి పోకను గురించి చెప్పుకునేది తక్కువ. రాబర్ట్ వేడ్ 1988లో ప్రచురించిన 'విలేజ్ రిపబ్లిక్స్' కర్నూలు జిల్లా గ్రామాలను పరిశీలించి, కాలువ చివర ఉండి నీటి కొరతను ఎదుర్కొనే ఊళ్ళే ఉమ్మడిగా నీరుకట్టువారినీ పొలం కాపలాదారులనూ నియమించుకుంటాయని చూపింది. ఆపద ఎక్కువైన చోట సహకారం ఎక్కువ అన్నది దాని సారం. గట్టి పుస్తకం, కానీ దాని సూత్రాన్ని కోనసీమకు మోసుకురావడం కుదరదు. సాగునీటి కాలువలో ఎగువవాడు ఎక్కువ వాడితే దిగువవాడికి తక్కువ వస్తుంది. ఊరు ఏకమై వంతులు పెట్టుకుంటే ఉన్న నీరు సర్దుబాటవుతుంది. మురుగు కాలువలో ఎగువవాడు వదిలిన నీరంతా దిగువవాడి చేలో చేరుతుంది. శివారు ఊరు గుర్రపుడెక్క తీసి, పూడిక తోడి, మొగ తెరిపిస్తే ఆ మేలు ఎగువ ఊళ్ళన్నిటికీ ఖర్చు లేకుండా అందుతుంది. ఎగువ ఊళ్ళు తమ మేర శుభ్రం చేసుకుంటే శివారు మరింత త్వరగా మునుగుతుంది. శివారు రైతు కాలువ నీటికి చివరివాడు, ముంపుకు మొదటివాడు. ఇక్కడ ఆపద ఎంత పెరిగినా ఒక ఊరి కట్టుబాటు చాలదు. 1997 చట్టం కింద ఏర్పడిన నీటి వినియోగదారుల సంఘాల పరిధి సాగునీటి కాలువ ఆయకట్టును బట్టి గీసినది. మురుగు ఆ గీతను పట్టించుకోదు. డాస్ నిర్వచించిన అసలైన సందిగ్ధం ఈ పూడికలో ఉంది. పంట విరామం దానికి పరిష్కారం కాదు. పరిష్కరించుకోలేనిదాన్ని ప్రభుత్వం ముందుకు నెట్టిన తీరు.

ఇంతవరకు 'రైతులు' అన్న మాటను ఒక్క సమూహంగా వాడటం జరిగింది. సిద్ధాంతమూ అదే చేస్తుంది, దాని బలహీనత కూడా అక్కడే ఉంది. ప్రయోగశాలలో ఆటగాళ్ళెవరో ముందే నిర్ణయమై ఉంటుంది; ఆట బయట నిలబడి నష్టపోయేవాడు లెక్కలోకి రాడు. కోనసీమలో కొబ్బరి తోట ఉన్న భూస్వామికి ఒక సార్వా పోయినా పూట గడుస్తుంది. కౌలు రైతుకు వరి తప్ప వేరే ఆధారం లేనప్పుడు విరామం అతని త్యాగమా, అతని మీద పడిన నిర్ణయమా? ఊడ్పుల కూలి మీద ఆధారపడిన కుటుంబాల విషయం మరీ స్పష్టం. నాట్లు లేకపోతే ఆ కూలి లేదు, విరామ ప్రకటనలో వారికి ఓటూ లేదు. ఉపాధి హామీ పనుల వల్ల కూలి రేట్లు పెరిగాయన్నది విరామ కారణాల్లో ఒకటిగా వినిపించింది కూడా. అంటే ఒక వర్గం సహకారానికి లక్ష్యాల్లో ఒకటి మరో వర్గం బేరశక్తి. పాల్గొన్నవారి సంఖ్యను బట్టి ఈ ఘటనను సహకార విజయమని నమోదు చేసే విశ్లేషణ, సహకారానికి మూల్యం చెల్లించినవారిని పట్టికలోంచి తీసివేస్తుంది. కౌలుదారులకు రుణ అర్హత కార్డులు ఉద్దేశించిన భూ అధీకృత సాగుదారుల చట్టం అదే 2011లో రావడం గమనార్హం. సాగుచేసేవాడు ఎవరన్న ప్రశ్నకు శాసనసభలో ఒక జవాబు, చేలగట్ల మీద ఇంకొక జవాబు ఒకే ఏడాదిలో వెలువడ్డాయి.

2022 జూన్‌లో, కోనసీమ వేరే జిల్లాగా ఏర్పడిన రెండు నెలలకే, అక్కడి రైతులు మళ్ళీ పంట విరామం ప్రకటించారు. ఐ.పోలవరం, అల్లవరం, ఉప్పలగుప్తం పేర్లు మళ్ళీ పత్రికల్లోకి వచ్చాయి. ధాన్యం బకాయిలు ఈసారి ముందుకు వచ్చిన కోరిక. దాని పక్కనే, పదకొండేళ్ళ కిందటి మాటల్లోనే, మురుగు కాలువల పూడికతీత.