అత్తగారి చెవులూ, ఎర్ర తీగా

ఈ వారం నేనొక పాత పాటల సీడీని చీల్చి చెండాడవలసింది. మూడు పేజీలు రాసిపెట్టుకున్నాను కూడా. ఆ మూడు పేజీలూ చించేశాను. ఎందుకో చెబుతాను, నవ్వకండి.

సంక్రాంతికి వచ్చిన మా అబ్బాయి అటకమీది స్పీకర్లు రెండూ దించి, దుమ్ము దులిపి, హాల్లో బిగించి వెళ్ళాడు. రెండు నిమిషాలు పెట్టి చూశాడు. మోగాయి, అంతే చాలనుకున్నాడు. మర్నాడు నేను ‘మాయాబజార్’లో ఘంటసాల, లీల పాడిన పడవ పాట పెట్టాను. పాట సగంలోనే మా అత్తగారు, "ఇదేమిటే, ఘంటసాల గొంతు జ్వరం పడి లేచినట్టు ఇంత పీలగా ఉందేం?" అన్నారు.

ఆవిడకు ఎనభై దాటాయి. "వయసు కదత్తయ్యా, చెవులు కాస్త..." అనేశాను. ఆవిడ మారు మాట్లాడలేదు. ఆ రోజు నుంచి పాట పెట్టమని అడగడం మానేశారు. పెడితే లేచి లోపలికి వెళ్ళి పడుకునేవారు.

నిజానికి నాకూ వెలితిగానే ఉంది. పాత రికార్డును శుభ్రం చేస్తామంటూ గొంతులోని బరువంతా ఊడ్చి పారేశారని సీడీవాళ్ళ మీద విరుచుకుపడ్డాను. చూశారా, ఆవిడ అంటే చెముడు, అదే నేను రాస్తే విమర్శ!

చెవుల డాక్టరుగారు పరీక్ష చేసి, "వయసుతో ముందు తగ్గేది సన్నని శబ్దాలమ్మా. ఈవిడ లావు గొంతే వినబడటం లేదంటున్నారు. మీ పెట్టెలు చూసుకోండి" అన్నారు. నాకు తల కొట్టేసినట్టయింది.

ఇంటికొచ్చి ఇంకో సీడీ పెట్టాను. అదీ అంతే. బాలెన్సు మీట పూర్తిగా ఎడమకు తిప్పాను, గొంతు నిండుగా వచ్చింది. కుడికి తిప్పాను, అక్కడా నిండుగానే ఉంది. రెండూ కలిస్తేనే పీల. మా తోడికోడళ్ళ సంగతే అనుకోండి, ఎవరికి వారు బంగారం!

వెనక్కి వెళ్ళి చూస్తే, ఒక పెట్టెకు ఎర్ర తీగ నల్ల చోట, నల్ల తీగ ఎర్ర చోట బిగించి ఉన్నాయి. అలా అయితే ఒక స్పీకరులోని కాగితపు గిన్నె ముందుకు నెడుతుంటే రెండోది వెనక్కి లాగుతుంది. తిరగలిని ఒకరు ఇటూ ఒకరు అటూ తిప్పితే పిండేం రాలుతుంది? మందరంగా ఉండే శబ్దాలు ఒకదాన్నొకటి మింగేస్తాయి. 1957 నాటి ఆ పాట మోనో. రెండు పెట్టెల్లోకీ వెళ్ళేది ఒకటే శబ్దం, కనక దెబ్బ మరీ గట్టిగా తగిలింది. యంత్రం ఆపి, తీగలు మార్చాను. ఉత్సాహంలో రెండు పెట్టెలకీ మార్చేశాను! మళ్ళీ మొదటికే వచ్చింది. మార్చవలసింది ఒక్కదానికే.

ఇప్పుడు విన్నాను పాటను. బాణీ సాలూరి రాజేశ్వరరావుగారిదనీ, వాద్యాలు కూర్చి రికార్డు చేయించింది ఘంటసాలగారనీ చెబుతారు. మోహన రాగం ఎవరు పాడినా తియ్యగానే ఉంటుంది. ఆ తీపికి నేను లోబడిపోయాను గాని, ఈ పాటలో అసలు పని తీపిది కాదు. ఘంటసాల ఎక్కడా గొంతు పెంచడు. పక్కన కూర్చున్న మనిషితో చెప్పినంత మెల్లగా పాడతాడు. ఆ అడుగు గొంతే ఇక్కడ నీళ్ళు. లీల గొంతు దానిమీద తేలుతుంది. నీళ్ళు తోడేసిన ఏటిలో పడవను చూసి, పడవ బాగాలేదని రాశానన్నమాట! రెండు పెట్టెల నడుమ, ఖాళీ టీపాయి మీదనుంచి ఆ గొంతు వస్తుంటే ఒళ్ళు జలదరించింది.

లోపల మంచం కిర్రుమంది. అత్తగారు మెల్లగా వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. తర్వాత కుర్చీ లాక్కుని కూర్చున్నారు. పాట అయ్యేదాకా ఇద్దరం మాట్లాడలేదు.

"ఇప్పుడు సరిగ్గా ఉందా, అత్తయ్యా?" అన్నాను, తల వంచుకునే.

"ఉంది గాని కాస్త తగ్గించవే. నేనేం చెవిటిదాన్నా?" అన్నారు.