కేరీ లేఖలు – తెలింగాన వ్యాకరణము

విలియం కేరీ 1761లో ఇంగ్లండున జన్మించి, చెప్పులు కుట్టు వృత్తి నేర్చి, పిదప బాప్టిస్టు బోధకుఁడై 1793లో వంగదేశమునకు వచ్చెను. 1800 మొదలు 1834లో మృతినొందు వఱకు శ్రీరామపురమే యాతని నివాసము. 1801లో కలకత్తా ఫోర్టు విలియం కళాశాలలోఁ జేరి వంగ సంస్కృతములను, తరువాత మహారాష్ట్రమును బోధించెను. ఆంధ్రదేశమున నెన్నఁడును నివసింపని యీ యాచార్యుఁడు 1814లో తెలింగాన భాషకు వ్యాకరణమును బ్రకటించెను.

ఆ గ్రంథమును బరిశీలించువారు ఆతని లేఖలను గూడఁ జూడవలయును. 1812 మార్చి 11వ తేది రాత్రి శ్రీరామపుర ముద్రాలయము దగ్ధమయ్యెను. తెలుఁగు వ్యాకరణపు వ్రాఁతప్రతియు నందు భస్మమయ్యెను. స్వదేశమిత్రులకు వ్రాసిన జాబులలో కేరీ నష్టము గొప్పదని యొప్పుకొనుచునే, ఒకసారి నడచిన త్రోవ మఱల నడచుట సులభమని ధైర్యము చెప్పుకొనెను. రెండేండ్లకే గ్రంథము వెలువడెను. ఈ యోర్పు శ్లాఘ్యము.

అయిన నోర్పు సిద్ధాంతదోషమును మాన్పఁజాలదు. దక్షిణభాషలందు మూల మెఱుఁగరాని పదములు పెక్కులు గలవని గుర్తించియు, ఆ భాషల పుట్టుక యుత్తరభాషలతో నొకటియే యని కేరీ తలఁచెను. తత్సమబాహుళ్యమే యీ భ్రమకుఁ గారణము. భువనగిరి యను పేరు రెండు సంస్కృత శబ్దముల కూర్పు. కాని యా కొండ నెక్కువానికిఁ గావలసిన రాయి, మెట్టు, కాలు, నీరు దేశ్యములు. "భువనగిరికిఁ బోయెను" అన్నచో విభక్తియుఁ గ్రియయుఁ దెలుఁగువే. భాషాసంబంధమును నిర్ణయించునవి ధాతువులు, ప్రత్యయములు. ఎరువు తెచ్చుకొన్న నామములు గావు.

1816లో వెలువడిన కాంబెలు వ్యాకరణమునకుఁ జేర్చిన వ్యాసమున ఎల్లిసుదొర ఈ విషయమునే నిరూపించెను. మామిడి వెంకయ్యగారి ఆంధ్రదీపిక యాతనికిఁ దోడ్పడెను.

దోషము పరదేశీయునిది మాత్రమే యనరాదు. ఆంధ్రశబ్దచింతామణియు సంస్కృతమును బ్రకృతిగాను, తెలుఁగును వికృతిగానుఁ జెప్పినది. దేశ్యమను విభాగమును జేసికొనియు దాని ఫలితార్థమును మన పండితులు చిరకాలము విచారింపలేదు. కేరీని నిందించుటకు ముందు ఈ సంగతి స్మరింపవలయును. ఆతని లేఖలు పరిశ్రమకు నిదర్శనములు; ఆతని వ్యాకరణము, సంస్కృతము నేర్చినవారందఱకు నొక హెచ్చరిక.